బంటును చూసి సెట్టు ఎంచండి: అధికారం, అంతస్తుల మీద కళాకారులు చేసిన చదరంగాలు

చదరంగం సెట్టులో 32 పావులుంటే 16 బంట్లే. అది తెలిసి కూడా కళాకారులు చేసిన సెట్టు కొనేటప్పుడు చాలామంది రాజు ముఖం చూసి మురిసిపోతారు. అమ్మకపు ఫొటోల్లో కూడా రాజు, మంత్రి, గుర్రం ముందు నిలబడితే బంట్లు వెనక మసకగా ఉంటాయి. ఎవరు ఏలుతున్నారు, ఎవరు మోస్తున్నారు అనే ప్రశ్నతో చేసిన సెట్టుకు ఇది తగిన పరీక్ష కాదు. రాజును గొప్పగా చెక్కడం ఏ కాలంలోనూ కష్టం కాలేదు. కళాకారుడి ఆలోచన ఎంత లోతుకు దిగిందో బంటు దగ్గర తెలుస్తుంది. పనివాడి శ్రద్ధ ఎక్కడ ఆగిపోయిందో కూడా అక్కడే బయటపడుతుంది. కింద చెప్పిన సెట్లలో కొన్ని మూలాలు మ్యూజియంలలో ఉన్నాయి, కొన్నిటికి నకళ్లు దొరుకుతాయి, ఒకటి రెండు ఇంట్లోనే చేసుకోవచ్చు. అన్నిటినీ చూసిన తీరు ఒకటే: బంటుకు ఏమిచ్చారు, ఆ సెట్టుతో ఆట సాగుతుందా.

ముందు కొలతలు. పోటీ సెట్లకు అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అంటే ఫిడే, సూచించే ఎత్తులు ఇవి: రాజు 9.5 సెం.మీ., మంత్రి 8.5, శకటు 7, గుర్రం 6, ఏనుగు 5.5, బంటు 5. పావు అడుగుభాగం వెడల్పు దాని ఎత్తులో 40 నుంచి 50 శాతం ఉండాలి. ఒక గడిలో నాలుగు బంట్లు సరిగ్గా పట్టాలి, అంటే గడి భుజం బంటు అడుగుకు రెట్టింపు. బొమ్మల సెట్లు కొనేవాళ్లు ఈ చివరి లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలా డబ్బు మిగులుతుంది. బంటు అడుగు 28 మి.మీ. ఉంటే 56 మి.మీ. గడి కావాలి, దాన్ని 45 మి.మీ. గళ్ల బోర్డు మీద పెడితే మధ్య ఆటలో వేళ్లు దూరవు, ఒక పావు ఎత్తబోతే పక్కది పడుతుంది. బొమ్మల సెట్లలో బంటు చేతిలో బల్లెమో కొడవలో పక్కకు పొడుచుకొని ఉంటుంది కాబట్టి అడుగును కాక మొత్తం వెడల్పును కొలవండి.

పోల్చుకోవడానికి ప్రమాణం ఎలాగూ స్టాంటన్ సెట్టే. 1849లో నథానియల్ కుక్ పేర రిజిస్టరై, లండన్‌లోని జాక్స్ సంస్థ తయారుచేసిన ఈ రూపం ఎవరి రాజ్యాన్నీ బొమ్మకట్టదు. కిరీటం అంచు, బిషప్ పెట్టుకునే మైటర్ టోపీ చీలిక, బురుజు పళ్లు, ఇలా ఒక్కో హోదాకు ఒక్కో గుర్తు మిగిల్చి తక్కినదంతా చెరిపేసింది. అందులో గమనించదగ్గ విషయం ఇంకోటి ఉంది. గుర్రం తప్ప తక్కినవి దాదాపుగా లేతు (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీదే రూపు దిద్దుకుంటాయి, గుర్రం తలను మాత్రం చేత్తో చెక్కాలి. బోర్డు మీద నడిమి హోదా ఉన్న పావుకే పనిశాలలో అందరికంటే ఎక్కువ శ్రమ పడుతుంది. అందుకే చెక్క సెట్టు నాణ్యత చూడాలంటే గుర్రాన్ని, అందులోని ఆలోచన చూడాలంటే బంటును పట్టుకోవాలి.

హెచ్చుతగ్గుల గురించి చదరంగం చెప్పిన పాత మాటల్లో లూయిస్ పావులంత సూటిగా చెప్పినవి తక్కువ. 1831లో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో బయటపడిన ఈ నిధిలో మొత్తం 93 వస్తువులుంటే 78 చదరంగం పావులు. ఇప్పుడు 82 వస్తువులు బ్రిటిష్ మ్యూజియంలో, 11 ఎడిన్‌బరాలోని స్కాట్లాండ్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. 12వ శతాబ్దం చివర్లో ఎక్కువగా వాల్రస్ దంతంతో చెక్కినవి. రాజు ఒళ్లో కత్తి పెట్టుకొని కూర్చుంటాడు. మనం మంత్రి అనే పావు అక్కడ రాణి. చెంపకు చెయ్యి ఆనించి దిగులుగా చూస్తుంది. ఏనుగు స్థానంలో కాలిబంటు లాంటి యోధుడు నిలబడతాడు, కొందరు ఆవేశంలో డాలు అంచును కొరుకుతుంటారు. ఇంతమందికి ఇన్ని ముఖాలిచ్చిన చెక్కడపువాడు బంట్లకు ముఖమే ఇవ్వలేదు. అవి నున్నటి పలకలు, సరిహద్దు రాళ్లలా ఉంటాయి. ఆ నిధిలోని 19 బంట్లలో ఒక్కదానికీ కన్నూ ముక్కూ లేవు. కావాలని చేసినా, పని తగ్గించుకోవడానికి చేసినా, ఆ కాలపు లోకం ఎవరిని మనిషిగా లెక్కపెట్టిందో అందులో ఉంది.

దీని నకళ్లు విరివిగా దొరుకుతాయి, ఎక్కువభాగం రెజిన్ పోతవే. ఆడటానికి వస్తే రెండు చిక్కులున్నాయి. మొదటిది, బొమ్మలు ప్రత్యర్థి వైపు చూస్తాయి కాబట్టి మన పావుల వీపులే మనకు కనిపిస్తాయి. లూయిస్ రాజూ రాణీ ఇద్దరూ సింహాసనం మీద కూర్చున్నవాళ్లే. వెనక నుంచి చూస్తే చెక్కిన కుర్చీ వీపు, పైన కిరీటం, అంతే తేడా తెలియదు. తొందర ఆటలో మంత్రి అనుకొని రాజును పట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది. కొనేముందు వెనకవైపు ఫొటో అడగండి, రాణి కనీసం ఒక సెంటీమీటరు పొట్టిగా ఉండే నకలు ఎంచుకోండి. రెండోది, నిలబడ్డ యోధుడు ఏనుగని కొత్తవాళ్లకు తట్టదు, బంటనుకుంటారు. మూల నిధి ఒకే సెట్టు కాదు, కనీసం నాలుగు సెట్ల ముక్కలు. ఒకే రకం పావుల్లోనే ఎత్తులు మారతాయి. నకలు చేసేవాళ్లు ఏ మూలాన్ని తీసుకున్నారో దాన్నిబట్టి బంటు, ఏనుగుల నిష్పత్తి మారిపోతుంది. రంగు విషయంలో ఎరుపు, తెలుపు జోడీ తీసుకుంటే మంచిది. మూలాల్లో కొన్నిటి మీద ఎరుపు రంగు జాడలున్నాయి, పైగా కంటికి హాయి. గోధుమ, లేత గోధుమ జోడీలు సాయంత్రం దీపం వెలుగులో కలిసిపోతాయి.

ఈస్టిండియా కంపెనీ కాలంలో బెంగాల్‌లోని బరంపురం, ముర్షిదాబాద్ వైపు చెక్కిన దంతపు సెట్లను సేకర్తలు జాన్ సెట్లంటారు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో ఇవి కంపెనీ అధికారుల కోసం తయారయ్యాయి. ఒకవైపు కంపెనీ సైన్యం, ఇంకోవైపు దేశీ పాలకుడి సైన్యం, రాజులూ మంత్రులూ ఏనుగు అంబారీల మీద. బంట్లను చూడండి: కంపెనీ వైపు తుపాకీ పట్టుకొని నిలబడ్డవాళ్లు సిపాయిలు, ఈ దేశపు మనుషులే. రెండు వైపులా ముందు వరసలో చావడానికి నిలబడింది ఒకే నేల బిడ్డలు. తెలుగులో బంటును సిపాయి అనడం కూడా వాడుకే కాబట్టి ఆ వరస మనకు వేరే వివరణ లేకుండా అర్థమవుతుంది. వలస పాలన గురించి ఈ కాలపు కళాకారులు చేసిన చాలా సెట్లకంటే, పాలకుల మెప్పు కోసం చేసిన ఈ సెట్టే ఎక్కువ నిజం చెప్పిందని నా అభిప్రాయం.

మూలం కొనాలనే ఆలోచన మానుకోవడం మంచిది. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని, అంతరించే జీవుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న సైటీస్ ఒప్పందం 1989 నిర్ణయంతో ఆపేసింది, దేశాల లోపలి చట్టాలు ఇంకా కఠినం. పాతదంటూ అమ్మేవాటిలో ఎముకతో చేసినవీ చాలా ఉంటాయి. భూతద్దంతో అడుగుభాగం చూస్తే ఏనుగు దంతంలో ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతల వల కనిపిస్తుంది, ఎముకలో సన్నటి నల్ల చుక్కలు, గాట్లు కనిపిస్తాయి. ఈ నమూనాకు చెక్క, రెజిన్ నకళ్లు ఉన్నాయి. వాటిలో ముందు చూడాల్సింది అంబారీ ఏనుగు అడుగు. పొడవాటి జంతువు కాబట్టి గడి దాటి పక్క గడిలోకి తల పెడుతుంది. 6 సెం.మీ. గడికి 5 సెం.మీ. కంటే పొడవైన ఏనుగు పనికిరాదు.

రష్యాలో పెట్రోగ్రాడ్‌లోని ప్రభుత్వ పింగాణీ కర్మాగారం కోసం నటాలియా డాంకో 1922 ప్రాంతంలో చేసిన 'ఎర్రవాళ్లు, తెల్లవాళ్లు' (అక్కడి విప్లవకారులు, వాళ్ల శత్రువులు) సెట్టు వర్గపోరాటాన్ని నేరుగా బోర్డు మీదికి తెచ్చింది. తెల్ల రాజు కవచం తొడుక్కున్న అస్థిపంజరం. తెల్ల రాణి బంగారు నాణేలు కుమ్మరించే భాగ్యదేవత. వాళ్ల బంట్లు నల్లటి గొలుసులతో కట్టేసిన కూలీలు. ఎర్ర వైపు రాజు సుత్తి పట్టిన కార్మికుడు, బంట్లు పంట కోసే రైతులు. చేతి రంగుల పనితనం చూస్తే ఇది ప్రచారం కోసం చేసిందన్న సంగతి కాసేపు మరిచిపోతాం.

ఆడేటప్పుడు మాత్రం ఒక విషయం మనసును పట్టుకుంటుంది. ఎర్ర బంటు చేతుల్లో గొలుసుల్లేవు, అయినా నాలుగో ఎత్తులో మంత్రికి దారివ్వడానికి బలయ్యేది అదే. బొమ్మ మారింది, నడక మారలేదు. కళాకారిణి ముఖాలను మార్చగలిగింది కానీ ఆట నియమాలు పాత రాజ్యానివే. ఈ సెట్టు బలమూ, హద్దూ రెండూ అక్కడే ఉన్నాయి. ఇంకో లోటు ఎక్కువగా నకళ్లలో కనిపిస్తుంది: అదనపు మంత్రి ఉండదు. ఎనిమిదో వరస చేరిన బంటు మంత్రి కావాలి. గొలుసుల కూలీ ఆ చివరి గడిలో భాగ్యదేవతగా మారే క్షణం ఈ సెట్టులో అన్నిటికన్నా బలమైన దృశ్యం. పెట్టెలో 32 పావులే ఉంటే ఆ క్షణానికి పెట్టడానికి ఏమీ ఉండదు. స్టాంటన్ సెట్టుతో కొందరు ఏనుగును తలకిందులుగా పెట్టి మంత్రి అంటారు. ఫిడే నియమాల ప్రకారం అలా పెడితే అది ఏనుగే. పైగా పింగాణీ బొమ్మ తలకిందులుగా నిలబడదు. అందుకే రెండు వైపులా రెండేసి మంత్రులున్న 34 పావుల సెట్టు అడగండి.

పింగాణీ గురించి ఇంకొంచెం. మట్టి కొలిమిలో కాలేటప్పుడు పదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. చెయ్యి ఒక పక్కకు చాచిన బొమ్మ ఆ పక్కకే కొద్దిగా వాలుతుంది. గాజు పలక మీద పావును నిలబెట్టి తలమీద వేలితో తాకండి. ఊగితే అడుగు చదునుగా లేనట్టే. ఫెల్టు అంటించి దాన్ని దాచేస్తారు, కానీ ఆరు నెలల్లో ఫెల్టు ఒకవైపే అరిగి మళ్లీ ఊగుతుంది. పింగాణీకి ఫెల్టు కంటే పలచటి తోలు నయం. అడుగు అంచుకంటే చుట్టూ ఒక మిల్లీమీటరు లోపలికి కత్తిరించాలి, లేకపోతే అంచులు లేచి దారాలొస్తాయి. కొట్టేసిన పావులను ఒక పెట్టెలో గుట్టగా వేస్తే గొలుసులూ కొడవళ్లూ ముందు విరుగుతాయి. బోర్డు పక్కన గుడ్డ పరిచి నిలబెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఈ జాబితాలో రోజూ ఆడుకోవడానికి ఒక్కటే చెప్పమంటే జోసెఫ్ హార్ట్‌విగ్ చేసిన బౌహౌస్ సెట్టు చెప్తాను. జర్మనీలో వైమార్‌లోని బౌహౌస్ అనే కళా పాఠశాలలో శిల్పశాలకు పనితీరు నేర్పిన హార్ట్‌విగ్ 1923-24లో దీన్ని రూపొందించాడు. ఇందులో కిరీటం లేదు, ముఖం లేదు, హోదా బిరుదులేవీ లేవు. ప్రతి పావు తన నడకను తన ఆకారంతో చెబుతుంది. ఏనుగు చదరపు ఘనం, తిన్నగా పోతుంది. శకటు ఐమూలగా కోసుకున్న గుణకారం గుర్తు. గుర్రం రెండు మలుపుల ఆకారం. మంత్రి ఘనం మీద గుండ్రటి బంతి, ఎటైనా దొర్లగలదు. రాజు ఘనం మీద మూలలు తిప్పి పెట్టిన చిన్న ఘనం, తిన్నగానూ ఐమూలగానూ ఒక్క అడుగు. బంటు చిన్న ఘనం. ఎవరు ఎవరికి పుట్టారన్న ప్రశ్న లేదు, ఎవరు ఏం చేయగలరన్నదే ఉంది. రాజ్యాలు కూలిన నాలుగైదేళ్లకే జర్మనీలో ఈ సెట్టు రావడం యాదృచ్ఛికంగా అనిపించదు.

స్విట్జర్లాండ్‌లోని నేఫ్ సంస్థ దీని నకలు చేస్తుంది. పావులు పొట్టివి: బంటు సుమారు 2 సెం.మీ., రాజు 5 సెం.మీ.కు లోపే. పొట్టిగా ఉండి అడుగు మొత్తం నేలకు ఆనడంవల్ల సీసం, ఇనుము బరువుల అవసరమే లేదు, పడవు. ముందూ వెనకా లేదు కాబట్టి లూయిస్ సెట్టులోని వీపుల చిక్కు ఇక్కడ రాదు. పెద్ద బోర్డు మీద మాత్రం పెట్టకండి. 2.2 సెం.మీ. బంటుకు 4.4 సెం.మీ. గడి చాలు, 5.5 సెం.మీ. గళ్ల మీద పావులు దిక్కులేనివాటిలా కనిపిస్తాయి. లోపం ఒకటుంది: ఏనుగూ బంటూ రెండూ ఘనాలే, పరిమాణంలోనే తేడా. ఆట చివర్లో పక్కన పోల్చుకోవడానికి ఇంకో పావు లేనప్పుడు, ఏడో వరసలో ఒంటరిగా ఉన్న ఘనం ఏదో ఒక క్షణం ఆగి చూడాల్సివస్తుంది. రెండు మూడు ఆటల తర్వాత కన్ను అలవాటుపడుతుంది.

మాన్ రే 1920లో చేసిన సెట్టు దీనికి చుట్టం, కానీ ఆలోచన వేరు. రాజు పిరమిడ్, మంత్రి శంకువు, గుర్రం వయొలిన్ తలకాయ చుట్ట. పాత అధికారాల గుర్తులను తీసేయకుండా వాటిని జ్యామితిగా మార్చాడు. చూడటానికి అందం, చేతికి గుర్రం తప్ప తక్కినవి జారుతాయి. పిరమిడ్ కొసను పట్టుకొని ఎత్తడం తొందర ఆటకు పనికిరాదు.

యోకో ఓనో 1966లో లండన్ ఇండికా గ్యాలరీలో పెట్టిన తెల్ల చదరంగంలో రెండు వైపుల పావులూ తెల్లవే, గళ్లన్నీ తెల్లవే. నీ పావులేవో గుర్తున్నంత సేపు ఆడు అన్నది దాని షరతు. ఇంట్లో చేసి చూడటం సులువు: మామూలు ప్లాస్టిక్ సెట్టుకు ప్రైమర్ వేసి తెల్ల స్ప్రే రెండు పలచటి పూతలు, బోర్డుకు గళ్ల గీతలు మాత్రం లేత గాడిగా ఉంచాలి. ఒకేసారి దట్టంగా కొడితే గుర్రం కన్నూ జూలూ పూడిపోతాయి. ఆటలో ఏం జరుగుతుందంటే, మొదటి పది ఎత్తులు ఇబ్బంది ఉండదు. బంట్లు ఎవరి నిలువు వరసలో వాళ్లవి ఉంటాయి కాబట్టి వాటిని చూసి మిగతా పావులను లెక్కగడతాం. ఒక బంటు పక్క వరసలోకి కొట్టి చేరిన క్షణం నుంచి ఎవరిదన్నది కరిగిపోతుంది. మంత్రులు పోయినా ఆట నిలుస్తుంది. బంట్ల వరస చెదిరితే శత్రువే మిగలడు. ఎత్తులు రాసుకుంటూ ఆడితే 40 ఎత్తులైనా లాగొచ్చు, కానీ అప్పుడు సెట్టు అడిగిన పని మనం చేయనట్టే.

బార్బరా క్రూగర్ 2006 సెట్టులో ప్రతి పావులో చిన్న స్పీకర్ ఉంటుంది, కదిపితే అది మాట్లాడుతుంది. ఓడిపోవడం నీకు హాయిగా ఉందా అన్న ప్రశ్న ఆ కృతి పేరులోనే ఉంది. బంటుకూ గొంతు ఇవ్వడం ఈ సెట్టులో నాకు నచ్చిన విషయం, రాజుతో సమానంగా అదీ అడుగుతుంది. ఇది గ్యాలరీ వస్తువు, చూసి రావాల్సిందే.

రెజిన్ నకళ్లు, త్రీడీ ప్రింట్ సెట్లు కొనేవాళ్లకు రెండు పరీక్షలు. మొదటిది వాలు పరీక్ష. 30 సెం.మీ. గట్టి అట్ట మీద, జారకుండా సన్న పుల్ల అడ్డం పెట్టి, రాజును నిలబెట్టి అట్ట అంచును ఎత్తండి. 9.5 సెం.మీ. రాజుకు 4 సెం.మీ. అడుగుండి లోపల బరువుంటే అంచు 16 సెం.మీ. లేచేదాకా నిలబడగలదు. బోలు పోత అయితే 12 దగ్గరే పడిపోతుంది. రెండోది రంగు పరీక్ష. మోహరించిన బోర్డును ఫోన్‌తో నలుపు తెలుపులో ఫొటో తీయండి. రంగురంగుల దుస్తులేసిన బొమ్మల సెట్లు చాలావరకు ఇక్కడ తప్పుతాయి, ఎవరు ఏ పక్షమో తెలియదు. బొమ్మ రంగులతో సంబంధం లేకుండా పీఠాలకు ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు పట్టీ వేయించుకుంటే సరిపోతుంది. విరిగిన బల్లేనికి సూపర్‌గ్లూ పూస్తే చుట్టూ తెల్లటి పొర కడుతుంది. రెండు భాగాల ఎపాక్సీ వాడి లోపల అర మిల్లీమీటరు తీగ గుచ్చండి.

సొంతంగా ప్రింట్ చేసుకునేవాళ్లు బంటుతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే దాని తప్పు పదహారుసార్లు పునరావృతమవుతుంది. అడుగులో ఉక్కు వాషర్ పట్టే గుంతను వాషర్ కంటే 0.4 మి.మీ. వెడల్పుగా గీసి, గుంత మూతపడే పొరకు ముందు ప్రింట్ ఆగేలా పెట్టుకోవాలి. వాషర్‌కు జిగురు చుక్క పెట్టకపోతే పావు గిలక్కాయలా మోగుతుంది. వాషర్ అంచు పొరకంటే పైకి లేస్తే ప్రింటర్ నాజిల్ తగిలి పావు ప్రింటర్ పలక నుంచి ఊడిపోతుంది.

చివరగా తకాకో సైతో. 1960లలో ఫ్లక్సస్ అనే కళాకారుల బృందంలో ఆమె చేసిన చదరంగాల్లో ఒకటి బరువు చదరంగం: పావులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, హోదా బరువులో ఉంటుంది. ఇంకోదాంట్లో హోదా మసాలా దినుసుల వాసనలో ఉంటుంది. బరువు చదరంగం చేసుకోవడానికి మూతలున్న, లోపలిది కనిపించని 60 మి.లీ. మందపాటి సీసాలు 34 కావాలి, మూతల రంగు మాత్రమే రెండు పక్షాలను వేరుచేస్తుంది. లోపల వేసే బరువులు ఇవి: బంటు 20 గ్రాములు, గుర్రం 40, శకటు 60, ఏనుగు 90, మంత్రి 140. ఏనుగు దాకా పొడి ఇసుక పడుతుంది, మంత్రికి ఇసుక చాలదు, ఉక్కు గుళ్లు పోయాలి. మిగిలిన ఖాళీలో దూది కుక్కాలి, లేకపోతే బరువు కంటే ముందు చప్పుడే హోదా చెప్పేస్తుంది.

ఆడేముందు ఒక నియమం తీసేయాలి. ముట్టిన పావును కదపాల్సిందే అన్న మాట ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఎత్తితేగాని అది ఎవరో తెలియదు. ఎత్తుకు రెండుసార్లు తూచి చూసుకునే హక్కు ఇస్తే ఆట కదులుతుంది. ఇక రాజు బరువు మీరే తేల్చుకోవాలి. 200 గ్రాములు వేస్తే చేతికి తగలగానే దొరికిపోతాడు. నడక బంటులా ఒక్క గడే కదా అని 25 గ్రాములు వేస్తే, ఆట నడిమిలో ఎవరో ఒకరు బంటనుకొని రాజును శత్రువు దారిలోకి నెడతారు. ఆ ఎత్తు చెల్లదు, వెనక్కి తీసుకోవాలి. 30 గ్రాములతో మొదలుపెట్టి చూడండి.